మరల పెట్టె

వరప్రసాదరావు నాలుగు మరమేకులు దొంగిలించాడు. అతను శాంతయ్యకు బావ. చనిపోయిన భార్యకు స్వయానా అన్న. నందిగామ బస్సులో కండక్టరు. ప్రతి ఆదివారం గుళ్ళో చందా సంచీ పట్టుకుని తిరిగే మనిషి. అయినా దొంగిలించాడు. ఆరేళ్ళుగా శాంతయ్య ఈ మాట చెబుతూనే ఉన్నాడు. రుజువేమిటని అడిగినవాళ్ళతో పలకడం మానేశాడు.

శాంతయ్య రోడ్ల శాఖలో గ్యాంగు మేస్త్రీ. ఇల్లు జగ్గయ్యపేటలో, పని చిల్లకల్లు దగ్గర పెద్ద రోడ్డు మీద. తాను వేసిన రోడ్డును బస్సులు పాడుచేస్తాయని అతని నమ్మకం. తన బస్సును రోడ్లు పాడుచేస్తాయని వరప్రసాదరావు నమ్మకం. బావలిద్దరికీ పడకపోవడానికి ఇది చాలు. కాని దీనికి తోడు మరల పెట్టె ఒకటి వచ్చి పడింది.

అది యాభై నాలుగులో వచ్చింది. మిషను బంగళా దొరసాని తన దేశం వెళ్ళిపోతూ ఉన్నవన్నీ పంచిపెట్టింది. దేవమణి, అంటే శాంతయ్య భార్య, ఆమెకు రెండేళ్ళు తెలుగు చెప్పింది. నీకేం కావాలని దొరసాని అడిగితే దేవమణి మొహమాటపడుతూ, "ఏదైనా మర ఇప్పించండమ్మా" అన్నది. ఆమె మనసులో ఉన్నది కుట్టుమిషను. దొరసాని తన కొడుకులు ఆడుకుని వదిలేసిన ఇనప ముక్కల పెట్టె తెచ్చి చేతిలో పెట్టింది. దాన్నిండా మరలే. దొరసానికి తెలుగు నేర్పింది దేవమణే కాబట్టి తప్పు ఎవరిదో చెప్పడం కష్టం.

పెట్టె మీద ఇంగ్లీషులో మెకానో అనీ, దాని పక్కన 4 అనీ ఉండేవి. లోపల బెజ్జాలున్న ఇనప పట్టీలు, పలకలు, చక్రాలు, ఇరుసులు, చిటికెన వేలి గోరంత ఇత్తడి మరమేకులు, వాటిని బిగించే చిన్న పానా. ఒక బొమ్మల పుస్తకం. పుస్తకంలో చూపినట్టు బిగిస్తే బస్సు అవుతుంది. విప్పి ఇంకోలా బిగిస్తే లారీ. ఇంకోలా బిగిస్తే ట్రాక్టరు. ముక్కలు అవే, బండి వేరు. ఒక బండి ఉండగా రెండోది కుదరదు.

పిల్లలు లేని ఇంటికి ఆ పెట్టె వచ్చింది. నలభై దాటిన బావలిద్దరూ దాని కోసం దెబ్బలాడుకున్నారు. దేవమణి తీర్పు చెప్పింది. జనవరి నుంచి జూన్ దాకా భర్తకు, జూలై నుంచి డిసెంబరు దాకా అన్నకు. అప్పగించేటప్పుడు కట్టిన బండి ఏదైనా సరే పూర్తిగా విప్పి, పుస్తకం వెనక ఉన్న జాబితా ప్రకారం ముక్కలు లెక్క చూసి ఇవ్వాలి. ఆమె పోయిన తర్వాత కూడా ఆ తీర్పు అలాగే నడిచింది. దాన్ని మార్చగల మనిషి లేదు.

వరప్రసాదరావు ప్రతిసారీ బస్సే కట్టేవాడు. ఆర్నెల్లూ దాన్ని కిటికీలో పెట్టుకుని తుడిచేవాడు. శాంతయ్య పుస్తకం చూసి ఒకసారి లారీ కట్టాడు. తర్వాత పుస్తకం అవతల పెట్టి గూడుబండి కట్టాడు. బస్సు ఆగిన పది నిమిషాల్లో వరప్రసాదరావు పరిగెత్తుకొచ్చి చూశాడు.

"ఎద్దులు సెలవు పెట్టాయా బావా?"

"నీ బస్సులో ఎక్కాయి. దింపడం మర్చిపోయావు."

ఆ తర్వాత శాంతయ్య రోడ్డు రోలరు కట్టాడు. అది పుస్తకంలో లేదు. ఇరవై ఏళ్ళు రోలరు వెనక నడిచినవాడికి పుస్తకం అక్కర్లేదు. వెనక రెండు పెద్ద చక్రాలు, పైన గొట్టం, నాలుగు గుంజల మీద రేకు, ముందు పలకలు వంచి చుట్టిన డ్రమ్ము. స్టీరింగు తిప్పితే డ్రమ్ము తిరిగేది. జూన్ ఆఖరుకు విప్పాలి. మళ్ళీ జనవరిలో గుర్తుంచుకుని కట్టాలి. మూడేళ్ళు కట్టి మూడేళ్ళు విప్పాడు. ప్రతిసారీ ఏదో ఒక పట్టీ ఎక్కడ పెట్టాడో మర్చిపోయేవాడు. తన వయసులో ఇంకెన్నిసార్లు గుర్తుంటుందో తెలియదు.

అన్నిటికంటే బాధ డ్రమ్ముది. డ్రమ్మును ముందు పట్టే చట్రానికి నాలుగు మరమేకులు కావాలి. ఆ నాలుగే లేవు. దారంతో కట్టి సరిపెట్టుకునేవాడు. బస్సుకు అవి లేకపోయినా నడుస్తుంది.

అవి పోయిన తీరు ఇది. యాభై అయిదు జూన్‌లో దేవమణి చనిపోయింది. జూలై ఒకటిన పెట్టె నందిగామలో వరప్రసాదరావు ఇంటికి వెళ్ళింది. ఆ ఒక్కసారి లెక్క చూడలేదు. చూసే స్థితిలో ఎవరూ లేరు. జనవరిలో పెట్టె తిరిగొచ్చాక శాంతయ్య లెక్కపెడితే నాలుగు తక్కువ. "నాకొచ్చినప్పుడే లేవు" అన్నాడు వరప్రసాదరావు. దొంగలు అనేది అదే మాట.

ఆ రోజే శాంతయ్య మూత లోపల ఒక కాగితం ముక్క చూశాడు. గంజితో అంటించి ఉంది. దేవమణి పెన్సిలు రాత. పైన 'నాలుగు' అనీ, కింద 'మరల పెట్టె' అనీ ఉంది. పెట్టె మీద అంకె కూడా నాలుగే. నాలుగో నంబరు మరల పెట్టె అని పేరు రాసి పెట్టిందనుకున్నాడు. అప్పటినుంచి రెండు ఊళ్ళలోనూ దాని పేరు మరల పెట్టె.

దేవమణి మాట్లాడేటప్పుడు అందరిలాగే మాట్లాడేది. రాసేటప్పుడు మాత్రం బైబిలు స్కూల్లో పట్టుబడిన భాష వచ్చేది. తలుపు మీద సుద్దముక్కతో 'రేపు పాలు వలదు, ఎల్లుండి పుచ్చుకొనెదము' అని రాసేది. పాలావిడకు చదువు రాదు. రోజూ పోసి వెళ్ళేది.

అరవై రెండు ఫిబ్రవరిలో నందిగామలో తాలూకా ఎగ్జిబిషను పెట్టారు. మూడు రోజులు. పంటలు, పశువులు, చేతిపనులు. మొదటి బహుమతి వచ్చిన వస్తువును తాలూకా ఆఫీసులో అద్దాల బీరువాలో శాశ్వతంగా పెడతామని తహసీల్దారు చాటింపు వేయించాడు.

శాంతయ్య ఆ శాశ్వతంగా అన్న మాట దగ్గర ఆగిపోయాడు. బీరువాకు తాళం ఉంటుంది. సర్కారు తాళం. జూన్ వచ్చినా, జూలై వచ్చినా, కండక్టరు వచ్చినా రోలరును ఎవరూ విప్పలేరు.

అతను సెలవు పెట్టి రోలరు కట్టాడు. నాలుగు మరమేకుల కోసం కమ్మరి వీరరాఘవయ్య దగ్గరకు వెళ్ళాడు. వీరరాఘవయ్య ఒక ఇత్తడి మరమేకును వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు.

"ఇది సీమ మర మేస్త్రీగారూ. మన మర ఒక దారిన తిరుగుద్ది, ఇది ఒక దారిన తిరుగుద్ది. తీగతో కట్టుకోండి."

తీగతోనే కట్టాడు. రోలరును ఒళ్ళో పెట్టుకుని బస్సులో నందిగామ వెళ్ళాడు. కండక్టరు వరప్రసాదరావే.

"దానికీ టిక్కెట్టు కొట్టనా బావా?"

"మరమేకులు నాలుగు తక్కువున్నాయి. అర టిక్కెట్టు కొట్టు."

ఎగ్జిబిషను బల్ల మీద రోలరుకు మంచి చోటే దొరికింది. ఒక పక్క అల్లికల సంచులు. రెండో పక్క గరికపాడు సీతారావమ్మగారి సీమకోడి గుడ్లు. పెద్ద బుట్టలో తవుడు పోసి, గుడ్లను గోపురంలా పేర్చింది. జనం మాత్రం రోలరు చుట్టూ మూగారు. తహసీల్దారు కూడా అక్కడే ఆగాడు.

"ఎవరు చేశారయ్యా ఇది?"

"నేనేనండి."

"బొమ్మ చూసి చేశావా?"

"రోలరు చూసి చేశానండి."

తహసీల్దారుకు ఆ జవాబు నచ్చింది. కళ్ళజోడు సవరించుకుని వంగాడు. "నడుస్తుందా?"

"నడుస్తుందండి."

తహసీల్దారు వేలితో ఒక్క తోపు తోశాడు. రోలరు జానెడు నడిచింది. తీగ తెగింది. డ్రమ్ము విడిపోయి, బల్ల వాలు చూసుకుని, తాపీగా దొర్లుకుంటూ వెళ్ళి గుడ్ల గోపురం అడుగున తగిలింది. గోపురం కూలింది. బల్ల అంచు నుంచి పసుపుపచ్చగా కారింది.

"నా కోళ్ళు నెల రోజులు కష్టపడ్డాయయ్యా!" అని సీతారావమ్మ నెత్తి కొట్టుకుంది. "నీ ఇనుము తగలెయ్య!"

అప్పుడు జనంలోంచి వరప్రసాదరావు గొంతు వినిపించింది. "రోడ్డు బ్రహ్మాండంగా పడింది బావా! ఇదే మొదటిసారి నున్నగా పడ్డం."

జనం విరగబడి నవ్వారు. శాంతయ్య నవ్వలేదు. నిటారుగా నిలబడి, శాఖవారిచ్చిన తోలు బెల్టు సర్దుకుని, వేలు చూపించాడు.

"ఆ నవ్వే మనిషి దగ్గర నా మరమేకులు నాలుగున్నాయి. ఆరేళ్ళనుంచి ఉన్నాయి. చచ్చిపోయిన చెల్లెలి పెట్టెలోవి తీశాడు. దొంగ."

నవ్వులు ఆగిపోయాయి. ఇంతకాలం ఆ మాట రెండిళ్ళ మధ్య తిరిగింది. ఇప్పుడు తాలూకా మొత్తం విన్నది. తహసీల్దారు తన చొక్కా మీద పడిన సొన తుడుచుకుంటూ, "మీ మీ గొడవలు ఇంటిదగ్గర చూసుకోండి. ఎల్లుండి మూడింటికి బహుమతులు. ఈలోపు బాగుచేసి తెస్తే చూస్తా. వస్తువు బాగుంది" అని వెళ్ళిపోయాడు.

మర్నాడంతా బస్సులో వరప్రసాదరావుకు ఊపిరాడలేదు. ఎక్కినవాడు ఎక్కినట్టే, "ఏం కండక్టరూ, చక్రాలకు బోల్టులన్నీ ఉన్నాయా, ఇంటికి పట్టుకెళ్ళావా?" అని అడిగాడు. ఒక ముసలావిడ చెవి కమ్మలు తీసి కొంగున ముడేసుకుంది.

మూడోరోజు పొద్దున్నే అతను భార్య పుష్పవతిని వెంటబెట్టుకుని జగ్గయ్యపేటలో దిగాడు. భుజాన గోనెసంచీ. శాంతయ్య వసారాలో కుర్చీలో కూర్చుని తీగ మెలేస్తున్నాడు. వరప్రసాదరావు పలకరించకుండా సంచీ అతని కాళ్ళ దగ్గర బోర్లించాడు. తాళాలు, టిక్కెట్లు కొట్టే పంచి, లాంతరు, సైకిలు పెడలు, గడియారం, పుష్పవతి పాన్‌దాను, ఎలకలబోను.

"మా ఇంట్లో మర అన్నది ఉన్న వస్తువు ఇంకోటి లేదు. చూసుకో. నీ మరమేకులు కనిపిస్తే ఆ ఎలకలబోనులో నా వేలు పెడతా."

శాంతయ్య ఒక్కొక్కటీ తీసి చూశాడు. గడియారం వెనక మూత కూడా తీయించాడు.

"అమ్మేసుంటావు."

"ఎవడు కొంటాడయ్యా వాటిని?"

"సర్లే, మీరు అరుచుకోండి, నేను టీ పెడతా" అని పుష్పవతి వంటింట్లోకి వెళ్ళింది. వెళ్ళిన మనిషి టీ పెట్టకుండానే తిరిగొచ్చింది. చేతిలో అన్నం గిన్నె మూత ఉంది.

"అన్నయ్యా, ఈ మూతకి పిడి ఎవరు పెట్టారు?"

"అదెప్పటినుంచో ఉంది."

"ఊడిపోయుండేది. దేవమణి చెయ్యి కాల్చుకునేది. నాకు బాగా గుర్తు."

మూత నడుమ ఒక చెక్కముక్క. చెక్కముక్క నడుమ ఇత్తడి మరమేకు. రోజూ రెండు పూటలా పట్టుకోవడం వల్ల తళతళలాడుతోంది. ఆరేళ్ళుగా పట్టుకుంటున్నది శాంతయ్యే.

వరప్రసాదరావు మూత తీసుకుని చూశాడు. వంగి, శాంతయ్య కూర్చున్న కుర్చీ కిందకు చూశాడు. ఒకప్పుడు ఆ కుర్చీ కాలు ఊగేది. కూర్చున్నప్పుడల్లా శాంతయ్య తిట్టేవాడు. ఎప్పుడో ఊగడం మానేసింది.

"రెండు" అన్నాడు వరప్రసాదరావు కుర్చీ కిందనుంచి.

మేకుకు వేలాడుతున్న అన్నం క్యారేజీ కొక్కెం దగ్గర మూడోది దొరికింది. శాంతయ్య దాన్ని రోజూ చిల్లకల్లు తీసుకెళ్ళి తీసుకొస్తున్నాడు. నాలుగోది ఎక్కడా కనిపించలేదు. ముగ్గురూ ఇల్లంతా వెతికారు. చివరికి పుష్పవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏంటే?" అన్నాడు వరప్రసాదరావు.

"ఎట్టా చెప్పను? అన్నయ్య పొట్ట మీదుంది."

శాంతయ్య కిందకు చూసుకున్నాడు. బెల్టు కట్టుకు ఇత్తడి మరమేకు. కట్టు తెగిపోయిందని ఒకసారి బెల్టు దేవమణి మీదకు విసిరేసి రోడ్డు పనికి పోయాడు. తిరిగొచ్చేసరికి బాగయింది. ఎలా బాగయిందని అడగలేదు. విరిగినవి ఇంట్లో వాటంతటవే బాగవుతాయని అతను అనుకునేవాడు. ఆమె పోయాక ఏదీ బాగవలేదు. అప్పుడు కూడా అతనికి తట్టలేదు.

"ఈ బెల్టు పెట్టుకునేనా బావా, మొన్న తహసీల్దారు ముందు నన్ను దొంగన్నావు?" వరప్రసాదరావు ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

"నాకు చెప్పలేదు" అన్నాడు శాంతయ్య. "చెప్పకుండా తీసింది. కనీసం ఒక ముక్క రాసి పెట్టాలి కదా."

ఆ మాటకు వరప్రసాదరావు తల తిప్పి పెట్టె మూత వైపు చూశాడు. మూతను దగ్గరకు లాక్కుని కాగితం ముక్కను పరీక్షగా చూశాడు. 'నాలుగు'. 'మరల పెట్టె'. కాగితం కుడి అంచు వర్షాకాలపు చెమ్మకు చుట్టుకుని లోపలికి మడతపడి అంటుకుపోయింది. కండక్టరు గోరు టిక్కెట్లు విడదీసిన గోరు. అతను నెమ్మదిగా మడత కింద గోరు దూర్చి, చిరగకుండా లేపాడు. లోపల ఇంకా పెన్సిలు రాత ఉంది.

పైకి చదివాడు.

"'నాలుగు తీసితిని. మరల పెట్టెదను.'"

"పెట్టె కాదన్నమాట" అన్నది పుష్పవతి. "పెట్టెదను."

"దాని రాత మండిపోను" అన్నాడు వరప్రసాదరావు, కళ్ళు తుడుచుకుంటూ. "మామూలుగా మళ్ళీ పెడతా అని రాస్తే ఏం పోయింది? ఆరేళ్ళు దొంగనయ్యా."

తర్వాత ఉన్నట్టుండి హుషారుగా లేచాడు. "బావా, టైమెంతయింది? పన్నెండింటికి మా బస్సే ఉంది. నాలుగూ విప్పు. రోలరుకు బిగించు. మూడింటిలోపు తహసీల్దారు ముందుంటాం. బీరువా నీదే. అక్కడే అందరి ముందూ నేను దొంగను కానని ఒక్క మాట చెప్పు. నాకంతే చాలు."

శాంతయ్య పానా తీసుకున్నాడు. ముందు అన్నం గిన్నె మూత తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. పానాను మరమేకుకు తగిలించాడు. బిర్రుగా బిగించింది. ఆడమనిషి చేత్తో బిగించినట్టు లేదు. అతని చెయ్యి అక్కడే ఆగింది. వీధిలోంచి పన్నెండింటి బస్సు హారను వినిపించింది.

"తిప్పు బావా. తుప్పు పట్టిందా?"

"తీసిందెవరు?" అన్నాడు శాంతయ్య.

"దేవమణి."

"మరల పెట్టెదనన్నదెవరు?"

"దేవమణే. అయితే?"

"అయితే మధ్యలో నా పనేముంది?" పానా కింద పెట్టాడు. "ఆ మాట అన్న మనిషే పెట్టాలి."

వరప్రసాదరావు నోరు తెరిచాడు. పుష్పవతి అతని మోచెయ్యి పట్టుకుని లాగింది. హారను ఇంకోసారి మోగింది. బస్సు వెళ్ళిపోయింది.

మొదటి బహుమతి సీతారావమ్మ గుడ్లకు ఇచ్చారు. పగలగా మిగిలిన వాటికి. తహసీల్దారు ఇచ్చిన మాట ప్రకారం వాటిని అద్దాల బీరువాలో పెట్టించి తాళం వేయించాడు. మూడు వారాల తర్వాత తాలూకా ఆఫీసువాళ్ళు ముక్కులు మూసుకుని బీరువాను బయట ఎండలో పెట్టారు.

బహుమతులిచ్చిన రోజు సాయంత్రమే శాంతయ్య రోలరును విప్పాడు. గొట్టం, రేకు, గుంజలు, డ్రమ్ము. పట్టీలు పట్టీల్లో, చక్రాలు చక్రాల్లో సర్దాడు. మూత పెట్టి, పెట్టెను వరప్రసాదరావు చేతిలో పెట్టాడు.

"నీ వంతు జూన్ దాకా ఉంది కదా?" అన్నాడు వరప్రసాదరావు.

"ఉంటే ఉంది. పట్టుకుపో. కాగితం ఊడితే మాత్రం ఊరుకోను."

"మరి నన్నన్న మాట?"

శాంతయ్య లోపలికి వెళ్ళి పొయ్యి మీద అన్నం చూసుకున్నాడు.

తర్వాతి సోమవారం శాంతయ్య నందిగామ ఆఫీసుకు పని మీద బస్సెక్కాడు. బస్సు నిండా జనం. వెనకనుంచి ఒక ఆసామి అరిచాడు. "ఏం మేస్త్రీగారూ, దొంగ కూడా ఇదే బస్సులో ఉన్నాడు, బెల్టు జాగ్రత్త!"

జనం నవ్వారు. టిక్కెట్లు కొడుతున్న వరప్రసాదరావు తల ఎత్తలేదు. శాంతయ్య లేచి నిలబడ్డాడు. బస్సు గుంటలో పడి ఎగిరింది. ఆ గుంట తన గ్యాంగు పూడ్చవలసినదే. అతను పైకమ్మీ పట్టుకుని, రెండో చేత్తో బెల్టు కట్టు మూసుకున్నాడు.

"తీసింది ఈయన కాదు."

"మరెవరండీ?"

"మా ఇంటి మనిషి. అడిగారు, చెప్పా. ఈ రోడ్డు మీద గాని, మా గుమ్మంలో గాని, గుళ్ళో గాని ఇంకెవరూ ఆ ఊసెత్తొద్దు. మా బావ ఎత్తినా సరే, బస్సు దిగి నడిచిపోతా. ఆ సంగతి నేను మరల మాట్లాడను."